నాలుగు పేజీల చరిత్ర, నలభై నంబరు నూలు

మా బ్యాచ్ కాలేజీ నుంచి బయటికొచ్చి ముప్పై ఏళ్లయిందని వాట్సాప్ గ్రూపులో హడావుడి మొదలైంది. ఒకడు హోటల్ చూస్తానన్నాడు, ఒకడు టీషర్టులు అచ్చు వేయిస్తానన్నాడు. ఎప్పుడో రెండు మూడు వ్యాసాలు రాసిన పాపానికి "కాలేజీ చరిత్ర ఒక నాలుగు పేజీలు నువ్వు రాసెయ్, నీకెంతసేపు" అని సావనీర్ పని నా నెత్తిన పెట్టారు. సరేనన్నాను. మొదటి వాక్యం నిజంగానే క్షణంలో వచ్చింది: "1943లో ఘనశ్యామ్ దాస్ బిర్లా హర్యానాలోని భివానీలో టెక్నలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్స్‌టైల్స్‌ను స్థాపించారు." రెండో వాక్యం రావడానికి మూడు వారాలు పట్టింది.

ఎందుకంటే మొదటి వాక్యంలోనే తప్పుంది. 1943లో హర్యానా ఎక్కడిది? భివానీ అప్పుడు లాహోర్ రాజధానిగా ఉన్న పంజాబ్ ప్రావిన్సులో, హిసార్ జిల్లాలో ఒక మండీ పట్నం. 1947లో లాహోర్ అటు పోయింది. 1966 నవంబర్ 1న హర్యానా పుట్టింది. 1972లో భివానీ జిల్లా అయింది. ఉన్నచోటి నుంచి అంగుళం కదలకుండానే కాలేజీ ఇన్ని చిరునామాలు మార్చింది. మా డిగ్రీ కాగితం మీద పేరున్న రోహ్‌తక్ మహర్షి దయానంద్ యూనివర్సిటీ పుట్టిందే 1976లో. అంటే పట్టా ఇచ్చే తల్లి, పట్టా ఇప్పించే పిల్లకంటే 33 ఏళ్లు చిన్నదన్నమాట.

తప్పు దిద్ది మళ్లీ కూర్చున్నాను. ఈసారి మిల్లు అడ్డమొచ్చింది. మా కాలేజీ గురించి ఏ వాక్యం మొదలుపెట్టినా మిల్లు దగ్గరికే పోతుంది. రెంటికీ పేరు ఒకటే. భివానీ స్టేషన్ బయట రిక్షా ఎక్కి టీఐటీ అంటే "మిల్లుకా, కాలేజీకా?" అని అడిగేవాడు. మొదటి ఏడాది అయిపోయేసరికి ఆ ప్రశ్నకు నా దగ్గర కూడా సరైన జవాబు లేకుండా పోయింది.

నన్ను అక్కడికి పంపింది మా పెదనాన్న. మాది వరంగల్. ఆయన ఆజంజాహీ మిల్లులో నేత ఖాతాలో, అంటే నేత విభాగంలో, పనిచేశాడు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1934లో పెట్టించి, కొడుకు ఆజం జా పేరు పెట్టిన మిల్లు అది. మిల్లు కూలిలో సగం బతుకు గడిపిన మనిషికి తమ్ముడి కొడుకు బట్టల ఇంజినీరు కావాలని కోరిక. ఇంట్లో అందరూ కాలేజీకి ఎంత పేరుంది, ఉద్యోగం వస్తుందా అని అడిగితే ఆయన అడిగింది ఒక్కటే: "మిల్లు నడుస్తుందా?" నడుస్తుందని చెప్పాక కాజీపేటలో దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కించి, కిటికీ ఊచలు పట్టుకుని చెప్పాడు: "బిడ్డా, కాలేజోల్ల సంగతేమో గని, మిల్లోల్లతోని మంచిగుండు."

నిజాముద్దీన్‌లో దిగి, ఢిల్లీ బస్టాండుకు పోయి, రోహ్‌తక్ మీదుగా భివానీ. ఆ ప్రయాణం, హాస్టల్, ర్యాగింగ్, రొట్టెలకు అలవాటు పడటం, వీటన్నిటి గురించి మా బ్యాచ్‌లో ప్రతివాడూ ఇప్పటికే వందసార్లు చెప్పాడు. వదిలేస్తున్నా.

మిల్లులోకి అడుగుపెట్టిన మొదటి రోజు మాత్రం వదలను. క్లాసులో దూది నుంచి నూలు దాకా బల్లమీద గీసి చూపించారు: బ్లోరూమ్, కార్డింగ్, డ్రా ఫ్రేమ్, సింప్లెక్స్, రింగ్ ఫ్రేమ్. ఐదు డబ్బాలు, మధ్యలో బాణాలు. లోపలికి పోతే బాణాలు లేవు. ఎటు చూసినా శబ్దం, దూది పొగ. కార్డింగ్ యంత్రం ముందు నుంచి సాలెగూడులాంటి పల్చటి పొర జారుతూ వచ్చి, ఒక గరాటాలోంచి దూరి, వేలంత లావు మెత్తని తాడులా మారి డబ్బాలో చుట్టలు చుట్టుకుంటోంది. పుస్తకంలో స్లైవర్ అని రాసుకున్నది అదే. చూడగానే "ఇది ఏకు కదా!" అనుకున్నాను. ఏకులా వచ్చి మేకులా తయారయ్యాడని తిడతామే, ఆ ఏకు. రాట్నం ముందు కూర్చునే ముసలమ్మ చేతిలో జానెడుండేది ఇక్కడ గంటలకొద్దీ తెగకుండా వస్తోంది. అక్కడివాళ్లు దాన్ని పూనీ అంటారు. ఇంగ్లిష్ మాట పరీక్షలో తప్ప ఎవరి నోటా వినలేదు.

నూలు వడికే రింగ్ ఫ్రేమ్ ఖాతాలో మమ్మల్ని ఒక పెద్దాయనకు అప్పజెప్పారు. జాబర్, అంటే యంత్రాలూ మనుషులూ చూసుకునే మేస్త్రీ. అందరూ తావూ అని పిలిచేవారు. అక్కడ పెదనాన్నను తావూ అంటారని తెలిశాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఆయన నన్ను "మద్రాసీ ఛోరా" అనేవాడు. "మద్రాసు కాదు తావూ, ఆంధ్రా" అని నేను. "ఆంధ్రా ఎక్కడుంది?" "మద్రాసుకు ఇవతల." "అదే చెప్పాను కదా" అనేవాడు. నాలుగేళ్లూ ఇదే.

ఆయన నేర్పిన మొదటి పని తెగిన పోగు అతకడం. ఆ పని గురించి క్లాసులో ఒక్క వాక్యం చెప్పి ఉంటారు. చేతులకు మాత్రం రెండు నెలలు పట్టింది. ఫ్రేముకు నాలుగొందల పైచిలుకు కదుళ్లు. ఎక్కడో ఒక పోగు, అక్కడి మాటలో తార్, తెగుతుంది. అక్కడికెళ్లి మోకాలితో బ్రేకు నొక్కి ఆ ఒక్క కదురు ఆపాలి. బాబిన్ పైకి తీసి పోగు కొస వెతకాలి. అది వెంట్రుకలా అంటుకుపోయి ఉంటుంది, దొరకదు. దొరికితే మూరెడు లాగి, రింగు మీద కూర్చున్న ట్రావెలర్‌లోకి ఎక్కించాలి. ట్రావెలర్ అంటే గోరులో సగం కూడా ఉండని చిన్న ఇనుప కొక్కెం. మళ్లీ బాబిన్ కదురు మీద పెట్టి, పోగును పైనున్న గైడులోంచి తీసి, బ్రేకు వదులుతూ, ముందు రోలర్ల నుంచి జారుతున్న దూది పాయకు ఆ కొస తాకించాలి. అంతే. ముడి వెయ్యకూడదు, నలపకూడదు. సరిగ్గా తాకితే పురి తనే పైకి పాకి పట్టుకుంటుంది. ఒక్క క్షణం ముందైతే పోగు లేచిపోతుంది, ఒక్క క్షణం ఆలస్యమైతే లావు తునక పడుతుంది.

తావూ చేతిలో ఇదంతా మూడు నాలుగు సెకన్ల పని. నేను చేస్తుంటే పక్కనున్న గొట్టం ఆ పాయ దూదినంతా పీల్చుకుంటూ పోయేది. తార్ అతికేదాకా ఆ దూది వేస్టు పెట్టెలోకే. తావూ ఏమీ అనేవాడు కాదు. షిఫ్టు చివర ఆ పెట్టె తెరిచి, గుప్పెడు దూది తీసి నా చేతిలో పెట్టి "ఇది నీది" అనేవాడు. మార్కులు పోతే ఇంటర్నల్స్‌లో కలుపుకోవచ్చు. చేతిలో దూదిని ఏం చేస్తాం?

ట్రావెలర్ వేగం లెక్క కట్టడం మాకొక సరదా. కదురు నిమిషానికి 14,000 చుట్లు, రింగు వ్యాసం 40 మిల్లీమీటర్లు అనుకుంటే ఆ ఇనుప ముక్క గంటకు 100 కిలోమీటర్లు దాటి పరిగెడుతోందన్నమాట. మమ్మల్ని ఇంటి నుంచి తెచ్చిన దక్షిణ్ ఎక్స్‌ప్రెస్‌కు ఆ సగటు వేగం కలలో కూడా రాదు. ఈ లెక్క తావూకి చెబితే, "మరి ఎక్కడికీ పోదే" అన్నాడు.

జూన్ నెల ట్రైనింగ్ అందరూ తిట్టుకునేవారు. నాకు మాత్రం అసలు పాఠం అప్పుడే అర్థమైంది. భివానీలో ఎండాకాలం వీచే లూ అంటే గాలి కాదు, సెగ. ఆ గాలి ఒంట్లో తడి పీల్చినట్టే దూదిలో తడి కూడా పీల్చేస్తుంది. పొడి దూది పెళుసుగా ఉంటుంది, రోలర్లకు చుట్టుకుంటుంది, తార్లు టపటపా తెగుతాయి. అందుకే స్పిన్నింగ్ ఖాతాలో గాలి తేమ 55, 60 శాతం దగ్గర, నేత ఖాతాలో 75, 80 దాకా పట్టి ఉంచాలని పుస్తకం చెబుతుంది. ఇంగ్లండులో మిల్లులకు పేరుపడ్డ లంకాషైర్‌కు ఈ బాధ లేదు, అక్కడి వాతావరణమే తడి. మన బొంబాయికి సముద్రం ఉంది. భివానీకి ఉన్నది ఇసుక. ఒకరోజు ఎవరో బయటి తలుపు వారగా తీసి వదిలేశారు. ఆ తలుపు పక్క రెండు ఫ్రేముల మీద తార్లు ఒకదాని వెంట ఒకటి లేచిపోవడం కళ్లారా చూశాం. తడి బల్బు, పొడి బల్బు థర్మామీటర్లు, వాటి మధ్య తేడా, పట్టిక చూసి తేమ శాతం రాయడం, ఇవన్నీ ల్యాబులో చేస్తే నిద్రొచ్చేది. ఆ రోజు తావూ తలుపు మూసి వచ్చి గోడమీది తేమ కొలిచే హైగ్రోమీటర్ చూపిస్తే ఒక్కడికీ నిద్ర రాలేదు.

చరిత్ర రాయడానికి కూర్చున్నప్పుడు ఇదే నన్ను ఆపింది. ఇలాంటి ఎడారి అంచున నూలు మిల్లు, దానికి తోడు కాలేజీ ఎవరు పెడతారు? అదీ 1943లో, యుద్ధం నడుస్తుండగా?

పాత గెజిటీర్లు తిరగేశాను. 1817లో ఆంగ్లేయులు భివానీని స్వేచ్ఛా మండీగా ఎంచుకునేదాకా అది పట్టించుకోదగ్గ ఊరే కాదు. ఆ తర్వాత రాజస్థాన్ వైపు వ్యాపారానికి పెద్ద అంగడైంది. ఆ వైపే, లోహారు దాటితే పిలానీ. ఘనశ్యామ్ దాస్ బిర్లా 1894లో పుట్టిన ఊరు. అంటే భివానీ ఆయనకు పరాయి చోటు కాదు. ఎక్కడ అన్న ప్రశ్నకు సగం జవాబు దొరికింది. ఎప్పుడు అన్నదానికి 1943 అనే ఏడాదినే పట్టుకుని వెతికాను.

ఆ ఏడాది బట్ట దొరకడమే కష్టం. 1941 డిసెంబర్‌లో జపాన్ యుద్ధంలోకి దిగాక అక్కడి నుంచి బట్ట రావడం ఆగిపోయింది. ఇంగ్లండు మిల్లులు వాళ్ల యుద్ధంలో వాళ్లున్నాయి. మన మిల్లులు నేసినదాంట్లో పెద్ద వాటా సైన్యానికి పోయింది. ధరలు ఆకాశానికెక్కాయి. చివరికి ప్రభుత్వం 1943లో బట్ట, నూలు మీద కంట్రోల్ ఆర్డర్ తెచ్చింది. టెక్స్‌టైల్ కమిషనర్ ఆఫీసు మొదలైంది కూడా ఆ ఏడాదే. మా తాతల కాలంలో "కంట్రోలు బట్ట" అనేవారే, ఆ మాట పుట్టుక ఇక్కడే. యంత్రాలు వచ్చేది ఇంగ్లండు నుంచి. యుద్ధంలో కొత్తవి రావు. ఉన్న పాతవాటినే రాత్రీ పగలూ నడపాలి. కొత్త యంత్రం కొనలేని రోజుల్లో పాతదాన్ని ఆగకుండా నడిపే మనిషికి విలువ పెరుగుతుంది. అలాంటి మనుషులను తయారుచేసే చోట్లు ఎన్ని ఉన్నాయి? బొంబాయిలో విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ 1887 నుంచి ఉంది. బెంగాల్‌లో శ్రీరాంపూర్ నేత పాఠశాల 1908 నాటిది. మరికొన్ని ఉన్నా, దేశంలో ఉన్న కదుళ్ల ముందు అవి చాలవు.

ఆ యుద్ధకాలంలోనే పిలానీలో సైన్యానికి, పరిశ్రమలకు టెక్నీషియన్లను తయారుచేసే శిక్షణ కేంద్రం నడిచింది. 1946లో అదే ఇంజినీరింగ్ కాలేజీ అయింది. ఇవాళ్టి బిట్స్‌కు మూలం అది. అంతకుముందే, 1939లో, జౌళి యంత్రాలు ఇక్కడే చేయాలని బిర్లాలు కలకత్తా దగ్గర టెక్స్‌మాకో పెట్టారు. ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుంటే నాకు తోచింది ఇదీ: యంత్రం కోసం ఒకటి, సాధారణ ఇంజినీరు కోసం ఒకటి, మిల్లు మనిషి కోసం ఒకటి. మూడోది మాది. వ్యాపారికి పనివాడి కొరత తెలిసినట్టు ప్రొఫెసరుకు తెలియదు. అందుకే మా కాలేజీ మిల్లుతో అంటుకట్టి పుట్టింది. ఇది నా ఊహే కానీ, ఆ గోడల మధ్య నాలుగేళ్లు తిరిగినవాడి ఊహ.

ఇక్కడొక తమాషా చెప్పుకోవాలి. 1920 అక్టోబర్‌లో, సహాయ నిరాకరణ రోజుల్లో, గాంధీగారు ఇదే భివానీకి వచ్చి సభలో మాట్లాడి వెళ్లారు. ఇంటింటా రాట్నం తిప్పమన్న మనిషి ఆయన. ఆయనకు అంత దగ్గరివాడైన బిర్లా అదే ఊళ్లో వేల కదుళ్ల లెక్కలు చెప్పే కాలేజీ పెట్టారు. ఇద్దరి మధ్య స్నేహం మాత్రం చెడలేదు.

దేశ విభజన మరో దెబ్బ. మిల్లుల్లో ఎక్కువ భాగం ఇటు మిగిలాయి, పంజాబ్ కాలువల కింద మేలైన పత్తి పండే నేల చాలావరకు అటు పోయింది. మిక్సింగ్ పాఠం ఎందుకంత పొడుగు అని మొదటి ఏడాది విసుక్కునేవాణ్ని. ఏ పత్తిలో ఏ పత్తి ఎంత కలిపితే అనుకున్న నంబరు నూలు వస్తుందన్నది, పత్తి చేతికందని కాలంలో మిల్లుకు ప్రాణం మీది సంగతి. సావనీర్ రాస్తున్నప్పుడు గానీ నాకిది వెలగలేదు.

నంబరు అన్నాను కదా, అది కొంచెం చెప్పాలి. పౌను నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే అంత నంబరు. నలభై నంబరు నూలంటే పౌనుకు 33,600 గజాలు, ముప్పై కిలోమీటర్లకు పైమాటే. పెరిగేకొద్దీ సన్నం. పరీక్షించడానికి గజంన్నర చుట్టుకొలత ఉన్న చక్రం మీద 80 చుట్లు చుడితే 120 గజాల లీ వస్తుంది. దాన్ని గ్రాముల్లో తూచి, 64.8ని ఆ బరువుతో భాగిస్తే నంబరు. నలభైకి 1.62 గ్రాములు తూగాలి. మా బ్యాచ్‌లో పెళ్లిరోజు మరిచినవాళ్లున్నారు గానీ, 64.8 మరిచినవాడు లేడు.

తావూకి ఈ తూకంతో పని లేదు. పోగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, పురి విప్పి, మళ్లీ పురి ఎక్కించి, ముప్పైనో నలభయ్యో చెప్పేవాడు. ఒకటి రెండు నంబర్ల తేడా పట్టడం వేళ్ల వల్ల కాదని మాకు తెలుసు, ఆయనకూ తెలుసు. కానీ ముప్పై డబ్బాలో నలభై పడితే తక్కెడ కంటే ఆయనే ముందు పట్టేవాడు.

మూడో ఏడాది టైమ్ స్టడీ వచ్చింది. మెడలో స్టాప్‌వాచ్‌లు వేసుకుని, చేతిలో అట్టతో, ఎవరు ఎన్ని సెకన్లలో తార్ అతుకుతున్నారో రాసుకోవాలి. వాచీ కనబడగానే తావూ చేతులు మారిపోయాయి. నాలుగు సెకన్ల పని పన్నెండు సెకన్లయింది. మళ్లీ చూశాం, మళ్లీ పన్నెండే. నేను నవ్వుతూ "తావూ, ఏంటిది?" అన్నాను. ఆయన నవ్వలేదు. "నువ్వు రాసుకుపోయే అంకె రేపు ఎవరి మీద పడుతుందో నీకు తెలుసా ఛోరా?" అన్నాడు.

అప్పుడు తెలియదు. క్లాసులో అడిగితే కాన్పూర్ సంగతి చెప్పారు. మనిషికి అప్పగించే మగ్గాలు, కదుళ్లు పెంచి మనుషులను తగ్గించే పద్ధతికి రేషనలైజేషన్ అని పేరు పెట్టారు, దానికి ఎదురుతిరిగి 1955లో కాన్పూర్ మిల్లు కార్మికులు 80 రోజులు సమ్మె చేశారు. ఆ పద్ధతికి మొదటి మెట్టు స్టాప్‌వాచే. అప్పటినుంచి ఎక్కడ మిల్లు మనిషి వాచీ చూసినా చెయ్యి బరువెక్కుతుంది. నేను ఆ రోజు అట్ట మీద పన్నెండు సెకన్లనే రాసి ఇచ్చాను. మంచి మార్కులే వచ్చాయి.

ఈ సంగతి సావనీర్‌కు అనవసరమని పక్కన పెట్టేవాణ్నే. కానీ మా బ్యాచ్‌లో ఒకడు టెక్స్‌టైల్ వదిలి, సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనల్ డిపార్ట్‌మెంట్ పనిలోకి పోయాడు. కార్మిక చట్టాల మీద పరీక్షలు రాశాడు. వాడికి ఫోన్ చేసి చరిత్రకు పనికొచ్చేది ఏదైనా ఉందా అంటే, "ఒరేయ్, మన కాలేజీ పేరు నేను లా పుస్తకంలో చదివాను" అన్నాడు. నిజమే. 1965 నాటి సుప్రీంకోర్టు తీర్పుల్లో ఒకటి, ఒకవైపు టెక్నలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్స్‌టైల్స్ యాజమాన్యం, మరోవైపు దాని కార్మికులు. చదువుల సంస్థకు కార్మికులేంటి, తగాదా ఢిల్లీ దాకా పోవడమేంటి అని చదివినవాడు తికమకపడతాడు. మిల్లుకూ కాలేజీకీ పేరు ఒకటే అని తెలిస్తేనే అది అర్థమవుతుంది. వాడు ఆ పరీక్ష రాస్తున్నప్పుడు పక్కనున్నవాడికి "ఇది మా కాలేజీ" అని చూపిస్తే, "మీ కాలేజీలో బాగానే నేర్పారు" అన్నాడట.

ఆ రాత్రి కూర్చుని రెండో వాక్యం రాశాను: "ఈ కాలేజీ పక్కన మిల్లు లేదు, ఈ మిల్లులో కాలేజీ ఉంది." తర్వాత పేజీలు వాటంతటవే వచ్చాయి.

నిజానికి ఆ నాలుగేళ్ల విలువ నాకు తెలిసింది కాలేజీలో కాదు, ఉద్యోగంలో. దక్షిణాదిలో ఒక మిల్లులో షిఫ్ట్ ఆఫీసరుగా చేరాను. పేరు అనవసరం. రెండు రకాల మిక్సింగులు పక్కపక్కన నడిచేవి. ఒకదానికి ఆకుపచ్చ బాబిన్లు, ఒకదానికి పసుపువి. ఒక రాత్రి ఆకుపచ్చవి చాలక, పసుపు బాబిన్ల మీద ఆ సరుకు ఎక్కించి, "ఈ ఒక్క ట్రాలీయే కదా, నోటితో చెబుతాలే" అనుకున్నాను. షిఫ్టు మారింది, చెప్పడం మరిచాను. నూలు చూస్తే ఏ తేడా లేదు. తూచినా నంబరు సరిగ్గానే ఉంది. బట్ట నేశారు, అప్పుడూ లేదు. రంగు వేశాక తెలిసింది, పేక (అడ్డం పోగు) వెంట పట్టీలు పట్టీలుగా ముదురు, లేత. ఒక పత్తి రంగు ఎక్కువ తాగింది, ఇంకోటి తక్కువ తాగింది. ఆ థాను ముందు నిలబడితే కాళ్లు వణికాయి. మా బాస్ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

తావూ ఎప్పుడూ ట్రాలీ దగ్గర నిలబడి, ఒక్కో బాబిన్ రంగు పైకే అంటూ ఎక్కించేవాడు. "హరా, హరా, హరా." ఈ ముసలాయనకు లెక్క రాదేమో, అందుకే గట్టిగా అనుకుంటున్నాడని మేం చాటుగా నవ్వుకున్నాం. థాను పాడైన మర్నాటి నుంచి నేనూ అనడం మొదలుపెట్టాను, తెలుగులో. "పచ్చ, పచ్చ, పచ్చ." నా కింద పనిచేసిన కుర్రాళ్లు నవ్వుకునే ఉంటారు.

మొత్తం పదకొండు పేజీలైంది. గ్రూపులో పెట్టాను. అరగంట ఎవరూ మాట్లాడలేదు. తర్వాత సావనీర్ బాధ్యత చూస్తున్నవాడు ఫోన్ చేశాడు. "కాలేజీ చరిత్ర రాయమంటే మిల్లు చరిత్ర రాశావేంటి? ప్రిన్సిపాళ్లు, కొత్త కోర్సులు, ప్లేస్‌మెంట్లు ఏవీ?" అన్నాడు. అవన్నీ వాడే కూర్చి రెండు పేజీలు చేసి అచ్చేశాడు. నా మొదటి వాక్యం మాత్రం ఉంచాడు, నేను దిద్దిన చోట మళ్లీ హర్యానా పెట్టి. మిగిలిన పేజీల్లోవే ఇక్కడ మీరు చదివినవి.

కలిసిన రోజు రాత్రి భోజనాల దగ్గర మేం నలుగురం ఒక బల్ల దగ్గర చేరాం. పర్సనల్ వాడు, ఎగుమతి వ్యాపారం చేసేవాడు, సావనీర్ వాడు, నేను. మాటల మధ్యలో ఎగుమతివాడు నాప్కిన్ అంచు నుంచి ఒక పోగు లాగి, వేళ్ల మధ్య పురి విప్పుతూ "ఇరవై" అన్నాడు. సావనీర్ వాడు ఇంకో పోగు లాగి "పదహారు దాటదు" అన్నాడు. నేనూ లాగాను. పర్సనల్ వాడు టెక్స్‌టైల్ వదిలి పాతికేళ్లయినా వాడి వేళ్లూ ఆగలేదు. తక్కెడ లేదు, ఎవడూ తగ్గలేదు. నాప్కిన్ ఒక అంచు కుచ్చులైపోయింది. వెయిటర్ వచ్చి మా వంక చూసి, దాన్ని తీసి ఇంకోటి పెట్టి వెళ్లాడు. దాంట్లోంచీ ఒక పోగు లాగాం.